బోల్టు బిగింపు సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

తలకద్దముఁ దగిలించి, చేతులు రెండును బనియందుంచి, యెదుటఁ దోఁచు బాణమువెంటఁ బోయి, బోల్టు బిగింపవలయును.

అవతారిక

ఆగ్మెంటెడ్ రియాలిటీ హెడ్‌సెట్, అనగా ఉన్న వస్తువు మీద లేని బొమ్మను నిలిపి చూపే తల యంత్రం, రోజువారీ పనిలో ఎట్లా వాడాలో చెప్పే సూత్రమిది. ఆ యంత్రవిద్యను లోకంలో ఏఆర్ అంటారు. కావ్యాలకే గాని బోల్టులకు టీక దేనికని ఆక్షేపణ రావచ్చు. కొలచల మల్లినాథ సూరి ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని నియమం పెట్టుకొని టీకలు రాశాడు. ఈ యంత్రాల ప్రకటనలు రాసేవారికి అటువంటి నియమం లేదు కనుక టీక అవసరపడింది.

టీకకు స్థలం తాడిపత్రి. పెన్న ఒడ్డున అనంతపురం మెట్ట సీమ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఊరి చుట్టూ నల్ల బండల పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, ఒక ఉక్కు ఫ్యాక్టరీ. యంత్రం పస తేల్చడానికి ఏసీ వేసిన ప్రదర్శనశాల కంటే ఈ ఊరు మంచి గీటురాయి. ఊరికీ యంత్రానికీ దూరపు చుట్టరికం కూడా ఉంది. 2015 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన హోలోలెన్స్‌ను లోకానికి చూపినప్పుడు ఆ కంపెనీ అధిపతి సత్య నాదెళ్ల. ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ పేరులోని ‘బి’ యల్లనూరు మండలం బుక్కాపురం, తాడిపత్రికి పొరుగు సీమే. చుట్టరికం ఉన్నంత మాత్రాన టీకలో మొహమాటం ఉండరాదు.

ప్రతిపదార్థం

తలకు = శిరస్సునకు. మెడకు అని చెప్పినా తప్పు కాదు. 1968లో ఇవాన్ సదర్లాండ్ చేసిన తల యంత్రపు బరువును మెడ మోయలేదని దాన్ని పైకప్పు నుంచి వేలాడదీశారు. ఈ కాలపు హోలోలెన్స్ 2 తూకం 566 గ్రాములు. ఫ్యాక్టరీలో హెల్మెట్ ఎటూ తప్పదు, ఆ బరువు దీనికి అదనం. వేడి సంగతి వేరే చెప్పాలి. ఆపిల్ విజన్ ప్రోను 0 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడుకోవాలని తయారీదారే రాసి ఇచ్చాడు. తాడిపత్రిలో ఏప్రిల్, మే నెలల్లో నీడపట్టున 40 దాటడం ఏటా ఉన్నదే. సిమెంటు కిల్న్ పక్కన నిలబడితే ఇక చెప్పేదేముంది. కాబట్టి ఈ సీమలో ఆ యంత్రం ధరించడానికి ప్రశస్తకాలం కార్తీకం మొదలు మాఘం దాకా, అదీ ప్రాతఃకాలమని నిర్ణయం.

అద్దమున్ = పారదర్శకమైన పలకను. ఇది ద్వివిధం. మొదటి జాతిలో నిజంగానే గాజు ఉంటుంది. ఎదుటి వస్తువు గాజులోంచి కనిపిస్తుంది; చిన్న ప్రొజెక్టరు వెలుగును ఆ పలకలోనే నడిపించి కంట్లోకి దింపుతారు. హోలోలెన్స్, మ్యాజిక్ లీప్ ఈ జాతివి. రెండో జాతి పేరుకే అద్దం. కెమెరాలు ఎదుటి దృశ్యాన్ని పట్టి లోపలి తెర మీద వేస్తాయి, కన్ను చూసేది తెరనే. విజన్ ప్రో ఈ జాతిది.

మొదటి జాతి యంత్రాల్లో చాలావాటికి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. గాజు వెలుగును కలపగలదు గాని ఉన్న వెలుగును తీసివేయలేదు. అందువల్ల నలుపు వేయలేదు. నలుపు వేయమంటే ఆ చోట ఏమీ వేయక ఊరుకుంటుంది, వెనకున్నదే కనిపిస్తుంది. నీడ వేయడమూ దానికి చేతకాదు. నల్ల బండకు పేరుపడ్డ ఊళ్లో ఇది చిన్న లోపం కాదు. ఇల్లు కట్టుకునే ఆసామికి ‘మీ వంటగది గట్టు మీద ఈ బండ పరిస్తే ఇట్లా ఉంటుంది’ అని చూపబోయే వ్యాపారి, తెల్ల గోడ ముందు పలచని మరక తప్ప మరేదీ చూపలేడు. తెల్ల పాలరాయి చూపమంటే మాత్రం బాగానే చూపుతుంది, కాని తాడిపత్రి అమ్మేది అది కాదు. పైగా పట్టపగటి ఎండలో గాజు మీది బొమ్మ వెలవెలపోతుంది. క్వారీ అంచున నిలబడితే బాణం ఉందో లేదో తెలియదు. గాజుకు నల్లరంగు వేయిస్తే బాణం తేలుతుంది, కాళ్ల ముందు గుంత తేలదు.

రెండో జాతి యంత్రం నలుపు వేస్తుంది, ఎండ వెలుగును లెక్కచేయదు. అయితే తిరిగే బెల్టుల నడుమ ఉన్న మనిషికి బ్యాటరీ అయిపోయిన క్షణాన లోకమంతా చీకటి. దాన్ని కుర్చీలో కూర్చుని చేసే పనికి ఉంచుకోవడం మేలు.

తగిలించి = ధరించి. క్త్వార్థకం. హోలోలెన్స్, విజన్ ప్రోల బ్యాటరీ నిలిచేది రెండు మూడు గంటలు, షిఫ్టు ఎనిమిది గంటలు. ఇంతకు మించి వ్యాఖ్య అక్కరలేదు.

చేతులు రెండును = ఉభయ హస్తములను; పనియందు ఉంచి = పని నుంచి తీయక. సూత్రానికి ప్రాణం ఇక్కడుంది. 1990 ప్రాంతంలో బోయింగ్‌లో టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ ఈ పదాన్ని పట్టుకొనే పని మొదలుపెట్టారు. ఆగ్మెంటెడ్ రియాలిటీ అన్న మాటకు పుట్టిల్లు అదే. విమానంలోకి పోయే వైర్లను కట్టలు కట్టడానికి పెద్ద చెక్క బోర్డుల మీద నక్షా పరిచి, గీతల వెంట వైరు నడిపేవారు. కట్ట మారితే నక్షా మారాలి. బోర్డు ఒకటే ఉంచి, నక్షాను పనివాడి కంటి ముందే వేస్తే పోలేదా అని వారి ఊహ. 1992లో పత్రం రాశారు. పాతికేళ్లకు గాని అది అదే కంపెనీలో పనిలోకి దిగలేదు, దిగింది గూగుల్ గ్లాస్ అనే కళ్లజోడు యంత్రం మీద. వైర్ల పనికి పట్టే సమయం నాలుగో వంతు తగ్గిందని కంపెనీ చెప్పింది. నెదర్లాండ్స్‌లోని ఒక గోడౌనులో సరుకు రవాణా కంపెనీ డీహెచ్ఎల్ చేసిన ప్రయోగంలోనూ సరుకు ఏరే పని 25 శాతం మెరుగైనట్టు 2015లో ప్రకటించారు.

ఈ రెండు చోట్లా కళ్లు చెదిరే బొమ్మలేవీ లేవు. గూగుల్ గ్లాస్ చూపింది కంటి మూలన చిన్న తెరలో నాలుగు అక్షరాలు, ఒక అంకె. కాగితం కోసం తల తిప్పడం, వైరు వదిలి పేజీ తిప్పడం, మళ్లీ చోటు వెతుక్కోవడం, ఇవి పోయినందువల్ల వచ్చిన లాభమది. ప్రకటనకర్తలు తిమింగలాలను గాలిలో ఈదించి చూపేది ఈ సంగతి మరుగుపరచడానికేమో అని శంక కలుగుతుంది.

తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీ షట్‌డౌన్‌లో ఈ పదానికి ఉదాహరణ దొరుకుతుంది. గేర్‌బాక్సు మూత తీసి ఫిట్టరు లోపలికి వంగి ఉంటాడు. ఒక చేత స్పానరు, ఒక చేత టార్చి. మాన్యువల్ నాలుగడుగుల అవతల డ్రమ్ము మీద ఉంటుంది. పేజీ మూలలన్నీ గ్రీజు వేలిముద్రలు, అక్షరాలన్నీ ఇంగ్లీషు. ఏ బోల్టు తరువాత ఏ బోల్టు, ఎంత బిగువు అన్నది తెలుగులో హెల్మెట్ అంచున కనిపిస్తే ఆ పూట పని నిజంగా తేలికవుతుంది. దీనికి గాలిలో నిలిచే బొమ్మలు అక్కరలేదు. రియల్‌వేర్ వంటి యంత్రాలు హెల్మెట్‌కు తగిలించుకొని నోటిమాటతో నడిపేవి, అంతమాత్రమే చూపేవి ఉన్నాయి.

దూరాన ఉన్న నిపుణుణ్ణి పక్కన నిలబెట్టుకోవడం కూడా ఈ పదం కిందికే వస్తుంది. తాడిపత్రి ఉక్కు ఫ్యాక్టరీ కొన్నేళ్లు బ్రెజిల్ కంపెనీ గెర్డావ్ చేతిలో ఉండి తరువాత అర్జాస్ స్టీల్ అయింది. ఇటువంటి ఫ్యాక్టరీల యంత్రాలు చేసినవాళ్లు ఏ సముద్రానికి అవతలో ఉంటారు. ఫిట్టరు చూసేది కెమెరా పంపితే అక్కడి ఇంజనీరు ఫలానా బోల్టు చుట్టూ గీత గీస్తాడు, ఆ గీత ఇక్కడ కనిపిస్తుంది. విమానం టిక్కెట్టు, వీసా, హోటలు గది, మూడు రోజుల ఆగిన ఉత్పత్తి కలిపి చూస్తే యంత్రం ఖరీదు లెక్కలోకి రాదు. ఈ యంత్రవిద్య ఇచ్చిన మాటల్లో నిలబెట్టుకున్నది ప్రధానంగా ఇదే. లోపలి గదుల్లో సిగ్నల్ ఉండాలన్నది దీనికి అధ్యాహారం.

ఎదుటన్ = ముందర. ఎంత ముందర అన్నది ప్రశ్న. హోలోలెన్స్ బొమ్మ ఎప్పుడూ సుమారు 2 మీటర్ల దూరానికి ఫోకస్ అయి ఉంటుంది. బోల్టు ఉండేది మూరెడు దూరంలో. బాణం బోల్టు మీద నిలవాలంటే రెండు కళ్లూ దగ్గరి బోల్టు వైపు లోపలికి తిరగాలి, కంటి కటకం మాత్రం 2 మీటర్లకు సర్దుకోవాలి. మామూలు చూపులో ఈ రెండూ జంటగా నడుస్తాయి, ఇక్కడ విడిపోతాయి. కాసేపటికి కన్ను లాగుతుంది, తల నొస్తుంది. అందుకే బొమ్మలను 1.25 మీటర్లకు అవతల ఉంచడం మేలని తయారీదారు సలహా. చేతిపని యావత్తూ అంతకు ఇవతలే జరుగుతుందన్నది సలహాలో లేదు. 2022లో అమెరికా సైన్యం ఈ జాతి యంత్రాన్ని పరీక్షించినప్పుడు సైనికులు తలనొప్పి, కంటి శ్రమ, వికారం అని చెప్పుకొన్నారు. బొమ్మ పట్టే జాగా కూడా ఇరుకే: హోలోలెన్స్ 2లో మూల నుంచి మూలకు 52 డిగ్రీలు. మనిషి రెండు కళ్లకు అడ్డంగా సుమారు 200 డిగ్రీలు ఆనుతుంది. తల కాస్త పక్కకు తిరిగితే బాణం తెగిపోతుంది.

దూరపు వస్తువులకు ఫోకస్ దోషం లేదు. ఊళ్లోని బుగ్గ రామలింగేశ్వరాలయపు గోపురాలు విజయనగర కాలంలో పై అంతస్తులు లేకుండానే ఆగిపోయాయి. వాటిని పూర్తయినట్టు చూపడానికి యంత్రం చక్కగా సరిపోతుంది, ఎండ తగ్గాక చూస్తే. కాని అది యాత్రికుల వినోదం, సూత్రకారుడు చెప్పింది పని.

బాణమువెంటన్ పోయి = శరమును అనుసరించి. బాణం బోల్టును అంటిపెట్టుకొని ఉండాలంటే తానెక్కడున్నదీ యంత్రానికి ప్రతి క్షణం తెలియాలి. కెమెరాలు చుట్టూ ఉన్న మూలలను, మచ్చలను గుర్తుపెట్టుకుంటాయి. ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పోయి తగిలి తిరిగి వచ్చిన తీరును బట్టి దూరం కొలుస్తారు. నల్లని వస్తువు ఆ వెలుగును మింగుతుంది. నున్ననిది పక్కకు చిమ్ముతుంది. మచ్చలేని పలక మీద కెమెరా పట్టుకోవడానికి గుర్తే దొరకదు. పాలిష్ పట్టిన తాడిపత్రి బండ నల్లనిది, నున్ననిది, మచ్చ లేనిది, దానికి తోడు నీళ్లతో తడిసి ఉంటుంది. కొనేవాడు మెచ్చే గుణాలన్నీ యంత్రానికి దోషాలే. దాని లెక్కలో అక్కడ ఉన్నది బండ కాదు, గొయ్యి.

బాణం ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంకో విచారం. యంత్రపు నమూనాను కంప్యూటర్లో కట్టి, ఏ మెట్టులో ఏ బోల్టో ఎవరో కూర్చుని రాయాలి. ఒకే తీరు విమానాలు వందల కొద్దీ చేసేవాడికి ఆ ఖర్చు కిట్టుతుంది. ఊళ్లోని లేతు షాపులో రెండుసార్లు మార్పులు చేయించి, ఒక పట్టీ వెల్డింగు పెట్టించిన పాలిష్ మిషన్‌కు నక్షాయే ఉండదు. ఉన్న నక్షా నాలుగేళ్ల నాటిదైతే బాణం లేని బోల్టును చూపుతుంది.

బోల్టు = మరమేకు. ఇది ఉపలక్షణం. వరుస తప్పకూడనివి, అరుదుగా చేసేవి, తప్పితే నష్టం పెద్దదయ్యేవి అయిన పనులన్నీ దీని కింద గ్రాహ్యం. బండ పాలిష్ గ్రాహ్యం కాదు. అక్కడి పనివాడు మొరటు రాయి మొదలు నున్నని రాయి దాకా వరుసగా మారుస్తూ, నీళ్లు పోస్తూ, మధ్యలో మిషన్ ఆపి బురద అరచేత్తో తుడిచి చూస్తాడు. అరచేతికి గీర తగిలితే వెనకటి రాయికి పోతాడు. బండను కాస్త వాల్చి వెలుగు జారే తీరు గమనిస్తాడు. సుత్తితో తట్టి గుల్ల మోత వస్తే లోపల పగులుందని పక్కన పెడతాడు. వేలికి, చెవికి తెలిసే ఈ సంగతులను చూపగల బాణం ఇంకా పుట్టలేదు.

తాత్పర్యం

చేతులకు తీరిక లేక, కంటికి తెలియనిది ఏదో ఉన్నప్పుడే తలకు అద్దం పనికివస్తుంది. చేయికి పని తెలిసినచోట అది బరువు.

అలంకారం

‘తోఁచు’ అన్నందువల్ల భ్రాంతిమంతమని కొందరు భ్రమపడతారు. ఫిట్టరుకు బాణం నిజం కాదని తెలుసు, బోల్టు నిజమనీ తెలుసు. ఉన్నదాని మీద లేనిదాన్ని ఆరోపించడం కనుక రూపకమే. కళ్లకు గంతలు కట్టి ఎదుటి లోకాన్నే మాయం చేసే వర్చువల్ రియాలిటీకి భ్రాంతిమంతం చెల్లుతుంది.

పాఠాంతరం

‘తలకద్దముఁ దగిలించి’ అన్నచోట ‘చేత ఫోనుఁ బట్టి’ అని వాడుకలో ఎక్కువగా కనిపించే పాఠం. కారణం ధర. హోలోలెన్స్ 2 వెల 3,500 డాలర్లు, అంటే దాదాపు 3 లక్షల రూపాయలు ఉండేది; ఫోను అందరి జేబులోనూ ఉంది. గూగుల్ గ్లాస్ అమ్మకం 2023 మార్చిలో, హోలోలెన్స్ 2 తయారీ 2024లో ఆగిపోవడం ఈ పాఠానికి బలం. కాని ఫోను పట్టిన చేయి పనికి రాదు కనుక ‘చేతులు రెండును’ అన్న పదంతో విరోధం వస్తుంది. చూసి, పక్కన పెట్టి, అప్పుడు బిగించాలని అన్వయించుకోవాలి. ఫోను కెమెరాతో బండ కొలతలు తీయడం కూడా ఈ పాఠం వారి అలవాటు. అది సెంటీమీటరు అటూ ఇటూ చెబుతుంది. కటింగ్ మిషన్ దగ్గర సెంటీమీటరు తేడా వస్తే బండ గోడకు ఆనదు. టేపు, మూలమట్టం స్థానంలో దాన్ని పెట్టలేరు.

కర్తృ విచారం

మూలంలో కర్త లేడు. ‘బిగింపవలయును’ అని విధి ఉంది, ఎవరు అన్నది లేదు. ఫిట్టరు అని అధ్యాహారం చేసుకోవడం సులభమే. అయితే నొసటి మీది కెమెరా బోల్టును చూసినంత సేపూ ఫిట్టరును కూడా లెక్కపెడుతుంది: ఏ బోల్టుకు ఎన్ని నిమిషాలు, ఎక్కడ ఆగాడు, ఎటు చూశాడు. ఆ రికార్డు ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఉంటుందో యంత్రం కొనే రోజునే రాసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్యోగ అవసరాలకు, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడానికి చేసే కొన్ని వినియోగాలకు ఉద్యోగి సమ్మతి అడగనక్కర లేదంటుంది. బాణం తప్పు చూపి, ఫిట్టరు దాని వెంటే పోయి, గేర్‌బాక్సు పగిలినప్పుడు జవాబుదారీ ఎవరన్నది తేలని శంక. నమూనా కట్టినవాడా, మెట్లు రాసినవాడా, నవీకరించని ఇంజనీరా? ప్రస్తుతానికి పని పర్మిట్ కాగితం మీద సంతకాలు ఫిట్టరువీ ఇంజనీరువే, బాణానికి గడి లేదు.