మొదట నాకే కదిలింది

రాజమండ్రిలో వీధికో భూకంపం బాబాయి ఉంటాడు. భూమి కదిలితే ముందు ఈయనకి తెలుస్తుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకి ఆ తర్వాతే.

2024 డిసెంబరు 4న పొద్దున్న ఏడున్నర కావస్తుండగా ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ఎనిమిదింటికల్లా బాబాయి టీ కొట్టు దగ్గర తయారు.

"ఏరా, తెలిసిందా?"

"లేదు బాబాయ్. నిద్దట్లో ఉన్నా."

ఆ జవాబుకే ఆయన ముఖం వెలిగిపోయింది. గడ్డం గీసుకుంటున్నాడట. అద్దంలో తన ముఖం ఉన్నట్టుండి ఎడమకి జరిగిందట. మధ్యాహ్నానికి వంటింట్లో బిందె మీద మూత కూడా మోగింది. మర్నాటికి మంచం జరిగింది. వారం తిరిగేసరికి ఆ మంచం మీద పిన్ని కూడా ఉంది.

"ములుగెక్కడ, మనమెక్కడండీ?" అన్నారా, అయిపోయారు.

"గోదారి ఊరికే ఇటు పారుతోందనుకున్నావేంటి? ప్రాణహిత దగ్గర్నుంచీ కింద భూమి చీలి, దిగబడి ఉంది. కోట్ల ఏళ్ళ నాటిది. సింగరేణి బొగ్గు అందులోదే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం కదిలిందా లేదా? పైగా మన కింద ఉన్నది రాయి కాదురా, ఒండ్రు. గట్టి నేల ఒకసారి ఊగి ఊరుకుంటుంది. మెత్తనేల ఆ ఊపుని ఇంకా పెంచుతుంది."

ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. అసలు ఇబ్బంది అక్కడే. పూర్తి అబద్ధాలకోరైతే టీ తాగేసి లేచిపోవచ్చు. అన్నట్టు, ఆ 1969 నాటికి బాబాయి తల్లి కడుపులో ఉన్నాడు. అయినా తనకీ తెలిసిందంటాడు.

నమ్మనివాళ్ళతో ఆయనకి పేచీ లేదు. వాళ్ళుంటేనే కథ సాగుతుంది. పడనిదల్లా "నాకూ కదిలింది బాబాయ్" అనేవాడితో. వెంటనే విచారణ మొదలు. ఎటు ఊగింది, తూర్పుకా, ఉత్తరానికా? అప్పుడు నిలబడి ఉన్నావా, కూర్చునా? ఫ్యాను ఆగి ఉందా, తిరుగుతోందా? చివరికి, "మీ గేదె గోడకి వీపు రాసుకుని ఉంటుందిలే" అని కేసు కొట్టేస్తాడు.

2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు కోస్తా పొడుగునా జనం ఇళ్ళలోంచి రోడ్ల మీదకి పరిగెత్తారు. దాని ఊసు మాత్రం బాబాయి ఎప్పుడూ ఎత్తడు. అందరికీ తెలిసిన భూకంపంతో ఆయనకేం పని?

ఈమధ్య ఇంటి మీద రెండో అంతస్తు మొదలెట్టాడు. కింద బళ్ళు పెట్టుకోడానికి గోడల్లేకుండా ఉత్త స్తంభాలే. తాపీమేస్త్రి కూడా టీ కొట్టు శ్రోతే.

"ఆయ్, బాబుగారూ, స్తంభానికి పైనా కిందా రింగులు దగ్గర దగ్గరగా పడాలండి. కొక్కేలు కూడా బాగా లోపలికి వంచాలి. ఊగినప్పుడు విడిపోకుండా అవే పట్టుకుంటాయండి."

"ఇనుం రేటు చూశావా? జానెడుకొకటి వెయ్యి, చాలు."

"మరి భూకంపం వస్తేనండి?"

"ఇక్కడెందుకొస్తుందిరా!"

మేస్త్రి తల గోక్కున్నాడు. "మరి ఆవేళ మీ మంచం..."

"అది వేరు. సిమెంటు కలుపు."