కుండలీకరణవ్యాఖ్య

మూలము: నిర్వాణ (యు.కె.)

అవతారిక. గ్రామఫోను రికార్డుల పట్టికలలో నకారపు పుట తెఱచినచో నొకదానిక్రింద నొకటిగా రెండు ‘నిర్వాణ’లు కనుపించును. మొదటిదానికి విశేషణము లేదు. రెండవదానికి కుండలీకరణములో బంధింపబడిన రెండక్షరములు గలవు. అవి యేల వచ్చినవి, గౌరవమునకా శిక్షకా యను విషయమును పూర్వులెవ్వరును విచారింపకపోవుటచేతను, కాళిదాసాదులకు కోలాచల మల్లినాథసూరి దొరకెను గాని పట్టికలకు దిక్కెవ్వరును లేరయిరి గదా యను జాలిచేతను, నేనీ టీకకు పూనుకొంటిని.

ప్రతిపదార్థము. నిర్వాణ = ఆ పేరుగల గాయకబృందము; ( = చదువరీ, ఇచ్చట నిలువుము; యు.కె. = లండనునందు బుట్టినట్టిది; ) = ఇక ముందునకు సాగుము. ‘నీవనుకొన్నది కాదు సుమా’ యని అధ్యాహారము చేసికొనవలెను.

తాత్పర్యము. ఇది 1967లో ఐర్లండు దేశీయుడగు పాట్రిక్ క్యాంబెల్-లయన్స్, గ్రీకు దేశీయుడగు అలెక్స్ స్పిరోపులోస్ అనువారు లండనులో గూడి, ఱెక్కలు కోరుకొనిన సైమన్ సిమోపత్ అను బాలుని కథను గీతమాలికగా వెలువరించిన బృందమే కాని, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున అబర్డీను పట్టణపువారగు కర్ట్ కొబేన్, క్రిస్ట్ నోవొసెలిచ్‌లు 1987లో నెలకొల్పిన బృందము కాదని భావము.

శంక. ఇరువదియేండ్లు పెద్దదానికి విశేషణమును, పిన్నదానికి కేవలనామమును దక్కుట యేమి ధర్మము?

సమాధానము. రూఢి యోగముకంటె బలీయమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. 1991లో ‘నెవర్‌మైండ్’ వెలువడినపిమ్మట ఆ పేరు వినినవాని తలపునకు అబర్డీనువారే వచ్చుచుండిరి. పట్టికలు వ్రాయువాడు లోకవ్యవహారమునకు దాసుడు, జ్యేష్ఠత్వము వానికక్కఱలేదు.

పాఠాంతరములు. కొన్ని ప్రతులలో ఈ విశేషణము కుండలీకరణమును విడిచి పేరులోనికే చొరబడును. బర్మింగ్‌హామున 1978లో వెలసిన ‘ది బీట్’, అమెరికాలో పాల్ కాలిన్స్ అనువానికి అదే పేరిట బృందముండుటచే, ఆ తీరమున ‘ది ఇంగ్లిష్ బీట్’ అయ్యెను. ‘స్వేడ్’ బృందమువారు, ఆ పేరిటనే పాడుకొనుచున్న యొక అమెరికా గాయని వ్యాజ్యమునకు దిగుటచే, అచ్చట ‘ది లండన్ స్వేడ్’ అనిపించుకొనవలసివచ్చెను. ‘ది చార్లటన్స్’ కథ యింకను చిత్రము. 1965 వేసవిలో నెవాడా రాష్ట్రపు వర్జీనియా సిటీలో, రెడ్ డాగ్ సెలూన్ అను పానశాలయందు పాడిన శాన్‌ఫ్రాన్సిస్కోవారు ఆ దశకాంతమునకే చెదరిపోయిరి. అయినను 1990లో ప్రసిద్ధికెక్కిన ఇంగ్లండు చార్లటనులు అమెరికాలో అడుగిడునప్పుడు తమ పేరి చివర దేశనామమును మోయవలసినవారైరి. వ్యాపారచిహ్నపు ధర్మము కళాకారుని ప్రతిభను తూచదు. ఆ దేశమున ఎవరు ముందుగా వ్యవహరించిరి, కొనువాడు భ్రమపడునా యను రెండింటినే ప్రధానముగా జూచును. కావున సముద్రము దాటినవానికే తోక తగులుకొనుట సామాన్యవిధి. మన మూలమందలి నిర్వాణమునకు స్వస్థానముననే తోక తగులుకొనుట అపవాదము.

ప్రత్యుదాహరణము. విశేషణమును ఒల్లక, పేరినంతటిని కాజేసినవాడొకడు గలడు. టెనెసీ రాష్ట్రపు జాక్సను చెంత జనించిన జాన్ లీ విలియమ్సన్, ‘సనీ బాయ్’ అను ముద్దుపేరిట 1937 మొదలుగా రికార్డులిచ్చి, హార్మోనికాను బ్లూస్ సంగీతమునకు ముఖ్యవాద్యము చేసినవాడు. ఆతడు జీవించియుండగనే, 1941లో, ఆర్కెన్సా రాష్ట్రపు హెలెనా రేడియోకేంద్రమునుండి ఒక పిండి కంపెనీ ప్రకటనకై వాయించుచుండిన రైస్ మిల్లర్ అనువాడు ‘సనీ బాయ్ విలియమ్సన్’ అని తన్ను దాను చాటుకొనెను. చాటుకొనుటయే గాక, ఆ పేరు మొదట ధరించినవాడను నేనే యని కడవఱకును పలికెను. అసలువాడు 1948లో చికాగో వీథిలో దుండగులచేత హతుడయ్యెను. దొంగిలించినవాడు వాద్యమున అసమర్థుడైనచో మన తీర్పు సులభమయ్యెడిది. కాని 1951 తరువాత ముద్రితమైన మిల్లర్ వాదనమును వినినవారికి, పేరు తిరిగి యిచ్చివేయుమని యడుగుటకు నోరాడదు. చరిత్రకారులు గత్యంతరము లేక వీరిని, రాజులనువలె, ఒకటవ సనీ బాయ్, రెండవ సనీ బాయ్ అని లెక్కించుచున్నారు. నా మతమున రెండవవాడు తస్కరుడే; గొప్ప తస్కరుడు.

‘ది జాంబీస్’ అను ఇంగ్లండు బృందము విడిపోయినపిమ్మట 1969లో వారి పాట యొకటి అమెరికాలో మాఱుమ్రోగగా, అచ్చటి యేజెంట్లు అనామకులను జాంబీసులని చెప్పి ఊరూర త్రిప్పిరి. అందొక కూటమిలోని యిరువురు తరువాత ‘జీజీ టాప్’ బృందమున ప్రఖ్యాతులైరి. ఇది నామసామ్యము గాదు, కేవలవంచన, కావున విస్తరింపను.

తెలుగువారి యాచారము. మనవారు ఇట్టి చిక్కును ఇంటిపేరుతో నివారించితిమనుకొందురు. అది పూర్తిగా నిజము కాదు. శంకరమంచి జానకి, శిష్ట్లా జానకి యని యిరువురకును పొడియక్షరము ‘ఎస్’ యే. నటీమణికి 1950 నాటి ‘షావుకారు’ చిత్రమే ఇంటిపేరై నిలుచుటచే గాయనీమణికి ‘ఎస్. జానకి’ అను పేరు నిరాటంకముగ దక్కెను. ఇచ్చట విశేషణము శిక్ష గాక బిరుదమయ్యెను. లండనువారికి ఆ యదృష్టము లేకపోయెను.

శేషము. పెద్ద నిర్వాణము 1992లో పిన్న నిర్వాణముపై వ్యాజ్యము తెచ్చెను. అది న్యాయస్థానము వెలుపలనే రాజీపడి, ఉభయులును ఆ పేరు వాడుకొనవచ్చునని తేలెను. పట్టికలలో మాత్రము కుండలీకరణము తొలగలేదు. 1996లో లండనువారు తమ ‘ఆరెంజ్ అండ్ బ్లూ’ సంపుటమునందు అబర్డీనువారి ‘లిథియం’ పాటను తమ ఫణితిలో పాడి ముద్రించిరి.