బేస్ మోడల్ బాబాయ్

బంధువుల్లో ఎవరు కారు కొనాలన్నా ముందు బాబాయ్‌కి ఫోన్ చెయ్యాలి. చెయ్యకపోతే అలుగుతాడు. చేస్తే బేస్ మోడల్ కొనిపిస్తాడు. రెంటిలో ఏది తక్కువ నష్టమో ఇన్నేళ్లయినా ఎవరికీ తేలలేదు.

ఈ బాబాయ్ ఖమ్మంలో ఉండొచ్చు, కర్నూల్లో ఉండొచ్చు, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తులోనూ ఉండొచ్చు. విజయవాడ ఆటోనగర్ దగ్గరైతేనే ఆయన ప్రతిభ పూర్తిగా వికసిస్తుంది కాబట్టి గుడివాడలో ఉన్నాడనుకుందాం. అరవై దాటాయి. ఎరువుల కొట్టు పెద్దకొడుక్కి అప్పగించేశాడు. చిన్నవాడు డాలస్‌లో ఉంటాడు. చొక్కా జేబులో పెన్ను, ప్యాంటు జేబులో ఇనప టేపు ఆయనకి ఎప్పుడూ ఉంటాయి. షోరూమ్‌కి వెళ్తే మామూలు మనుషులు రంగు చూస్తారు, మైలేజీ అడుగుతారు. బాబాయ్ వెనక తలుపు తీసి, మోకాళ్ల మీద కూచుని, సీటు కిందికి తల పెడతాడు.

"ఏమైనా పడిపోయిందా సార్?" అంటాడు సేల్స్ కుర్రాడు కంగారుగా.

"బోల్టులెన్నో చూస్తున్నాన్లే బాబూ," అని లోపల్నుంచి జవాబొస్తుంది.

ఆయన సిద్ధాంతం చాలా చిన్నది. ఇంజనొకటే, చాసిస్ ఒకటే, చక్రాలు నాలుగే. మిగతాదంతా రెగ్జినూ, స్పాంజీ. దానికి షోరూమ్‌లో లక్షలు పొయ్యడమెందుకు? తక్కువ మోడల్ తీసుకుని సీట్లు ఆటోనగర్‌లో చేయించుకుంటే టాప్ మోడల్ మన కాళ్ల దగ్గరికొస్తుంది. పైగా బేస్ మోడల్‌కి లైఫ్ ట్యాక్స్ తక్కువ, ఇన్సూరెన్స్ తక్కువ. ఈ చివరి రెండూ చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించి అటూ ఇటూ చూస్తాడు, రవాణా శాఖకి ఇంకా తెలియని రహస్యమేదో బయటపెడుతున్నట్టు.

నవ్వే ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఈ సిద్ధాంతం గాల్లోంచి పుట్టలేదు. 1984లో మారుతి వ్యాన్ వచ్చింది. 796 సీసీ ఇంజను, తోసే తలుపులు, లోపల సీట్లంటే సీట్లున్నాయనిపించేంత వరకే. ఆమ్నీ పేరుతో 2019 దాకా నడిచిన ఆ బండిలో కంపెనీ వేసిన బెంచీ తీసి మెత్తటి సీటు వేయించుకోని కృష్ణా జిల్లా ఆసామి అరుదు. 2000లో క్వాలిస్ వచ్చింది. ఎఫ్ఎస్, జీఎస్, ఆర్ఎస్ అని మూడు మెట్లు. ఎఫ్ఎస్ తీసుకుంటే పదిమంది ఎక్కొచ్చు, వెనక వాళ్లు ఎదురెదురుగా కూచుని మోకాళ్లు రాసుకుంటూ తిరపతి దాకా వెళ్లొచ్చు. బాబాయ్ ఎఫ్ఎస్ కొని, సీట్లకి కుషన్ వర్కు చేయించి, ఆర్ఎస్ కొన్న వియ్యంకుణ్ణి అందులో ఎక్కించుకుని అన్నవరం తీసుకెళ్లాడు. వియ్యంకుడు దారంతా మాట్లాడలేదట. ఆ మౌనం బాబాయ్‌కి జీవితంలో దక్కిన పెద్ద సన్మానం. అప్పట్లో సీటంటే నిజంగానే ఇనప చట్రం, స్పాంజి, రెగ్జిన్, అంతే. ఆయన లెక్క తప్పు కాలేదు. కాలం చెల్లింది.

మారుతి ఎర్టిగా దగ్గరకొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది.

2019 ఆగస్టులో మారుతి వాళ్లు ఎక్స్ఎల్6 అని ఒకటి తెచ్చారు. ఎర్టిగాకి తోబుట్టువే. అదే 1.5 లీటర్ ఇంజను, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య అదే 2740 మిల్లీమీటర్లు. ఎర్టిగాలో మధ్య వరస ముగ్గురు కూచునే బెంచీ అయితే, ఎక్స్ఎల్6లో చెరొక చేతివాలుతో రెండు కెప్టెన్ సీట్లు. ఏడుగురు ఆరుగురయ్యారు, ధర మాత్రం పెరిగింది. బాబాయ్‌కి ఇది వ్యక్తిగతంగా విసిరిన సవాలనిపించింది. "ఒక సీటు పీకేసి ఎక్కువ డబ్బులడుగుతాడా! ఆ పీకేదేదో మనమే పీకుదాం," అని ఎర్టిగాలో కింది మోడల్ బుక్ చేశాడు.

బావమరిది మాత్రం నోరెత్తకుండా వెళ్లి ఎక్స్ఎల్6 కొనుక్కున్నాడు. బాబాయ్ ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

సీట్లు ఎలా ఉండాలో నిర్ణయించడానికి బాబాయ్ ఒక మంచి పద్ధతి కనిపెట్టాడు. విజయవాడలో కియా షోరూమ్‌కి వెళ్లి కార్నివాల్ చూపించమన్నాడు. పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీ నుంచి వచ్చే బండి. 2024 అక్టోబర్‌లో కొత్తది వచ్చినప్పుడు షోరూమ్ ధరే 63 లక్షల 90 వేలు. రెండో వరసలో కాళ్లు చాపుకోవడానికి కింద నుంచి పలక లేస్తుంది, వీపు వెనక్కి వాలుతుంది. బాబాయ్ అందులో కూచున్నాడు, వాలాడు, కాళ్లు చాపాడు, వాళ్లిచ్చిన కాఫీ తాగాడు. పిన్నిని పక్క సీట్లో కూచోబెట్టాడు. ఆవిడ మొహమాటంతో సీటు అంచున కూచుంటే "వెనక్కి వాలవే, డబ్బులేం అడగరు," అన్నాడు. తర్వాత టేపు తీసి వెడల్పు, ఎత్తు, పలక పొడవు కొలిచి, నాలుగు వైపులా ఫోటోలు తీసుకున్నాడు. సేల్స్ కుర్రాడు కొటేషన్ కాగితం తెచ్చేలోపు మొగుడూ పెళ్లాం ఆటోలో ఆటోనగర్ దారి పట్టారు.

ఆటోనగర్‌ని లారీ బాడీలు కట్టే చోటనే అందరూ ఎరుగుదురు. కుషన్ షాపుల్లోకి అడుగు పెడితే అక్కడిది ఇంకో లోకం. సొల్యూషన్ వాసన ముక్కుకి సూదిలా గుచ్చుకుంటుంది. గోడకి రెగ్జిన్ చుట్టలు, కింద విప్పేసిన బస్సు సీట్ల ఎముకలు, మూల కుట్టుమిషను మీద ఒక కుర్రాడు తల ఎత్తకుండా నల్ల రెగ్జిన్‌కి ఎర్ర దారంతో డబల్ స్టిచ్ వేస్తుంటాడు. బాబాయ్ ఇక్కడ వేరే మనిషి. ఫోమ్ ముక్క తీసుకుని బొటనవేలితో గట్టిగా నొక్కి, వదిలి, ఎంతసేపటికి పైకి లేస్తుందో చూస్తాడు. "ఇది ముప్పయ్ రెండు డెన్సిటీ మేస్త్రీ, నాకు నలభై కావాలి," అంటాడు. ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో అదే డెన్సిటీ. చవక ఫోమ్ కొన్నాళ్లకే కూచున్నవాడి ఆకారంలో గుంట పడుతుంది. ఈ విషయంలో బాబాయ్‌ని మోసం చెయ్యగలిగినవాడు ఆటోనగర్‌లో లేడు. ఆయన వేలికి ఆ గౌరవం ఇవ్వాల్సిందే.

మేస్త్రి ఫోన్లో కార్నివాల్ ఫోటో చూశాడు. గెడ్డం గోక్కున్నాడు. "అయిపోద్ది సార్," అన్నాడు. ఆటోనగర్‌లో ఏది అడిగినా వచ్చే మొదటి జవాబు అదే.

అయింది కూడా. ఎర్టిగా బెంచీ ఊడింది. ఇనప గొట్టాలతో కొత్త చట్రాలు, నేలకి పట్టీలు వెల్డింగ్ చేసి బోల్టులు బిగించారు. కంపెనీలో అయితే సీటుని, దాన్ని నేలకి పట్టి ఉంచే బోల్టుల్ని, బెల్టు కొక్కేల్ని కలిపి యంత్రాలతో లాగి, గుద్ది చూస్తారు. ఇక్కడ మేస్త్రి స్వయంగా ఎక్కి కూచుని రెండుసార్లు ఊగాడు. సీటు కదల్లేదు. పరీక్ష పూర్తయింది.

పన్లో పనిగా ముందు సీట్లకీ కొత్త ఫోమ్ వేయించాడు. అక్కడే చిక్కొచ్చింది. 2019 జులై నుంచి కార్లలో డ్రైవరుకీ, పక్కవాళ్లకీ బెల్టు గుర్తుచేసే ఏర్పాటు తప్పనిసరి. పక్కసీట్లో మనిషి ఉన్నాడో లేదో కనిపెట్టడానికి సీటు గుడ్డ కింద పల్చటి సెన్సర్ ఉంటుంది. మేస్త్రి పాత ఫోమ్ లాగేటప్పుడు దానికేదో అయింది. ఆ రోజు నుంచి ఖాళీ సీట్లో ఎవరో కూచున్నారని కారు నమ్ముతోంది, బెల్టు పెట్టుకోమని అరుస్తోంది. దీనికి బాబాయ్ కనిపెట్టిన మందు, ఖాళీ సీటుకే బెల్టు పెట్టెయ్యడం. ఒంటరిగా వెళ్తున్నా పక్కన ఎవరో ఉన్నట్టు బెల్టు బిగించి ఉంటుంది. చూసినవాళ్లు అడిగితే, "వెంకన్న బాబు కూచున్నాడనుకోండి," అంటాడు. భక్తి కలిసొచ్చేసరికి ఎవరూ మళ్లీ ప్రశ్నించరు.

తర్వాత డాలస్ నుంచి చిన్నకొడుకు కుటుంబం వచ్చింది. కోడలు రెండేళ్ల మనవడికి బేబీ సీటు మోసుకొచ్చింది. బెంచీ అడుగుకీ వీపుకీ మధ్య దాగుండే రెండు ఇనప కడ్డీలకి దాన్ని తగిలించాలి. ఐసోఫిక్స్ అంటారు. ఆ అమ్మాయి కెప్టెన్ సీటు సందులో చెయ్యి పెట్టి వెతికింది, ఫోన్ లైటు వేసి వెతికింది. కడ్డీలు పాత బెంచీతో పాటు అటకెక్కి కూచున్నాయని చెప్పడానికి బాబాయ్‌కి చాలాసేపు పట్టింది. మనవడి ప్రయాణాలన్నీ బావమరిది ఎక్స్ఎల్6లో జరిగాయి. అంతకంటే పెద్ద అవమానం గుడివాడలో జరగలేదు.

చట్టం సంగతి బాబాయ్‌కి మొదట్నుంచీ తెలుసు, పట్టించుకోడు. ఆర్‌సీలో ఏడు సీట్లని ఉంటే బండిలో ఆరున్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టూ అదే తేల్చింది. అదే ఏడు చట్టాన్ని సవరించినప్పుడు ఒక్కో మార్పుకీ 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేకపోతే రెండూ అని చేర్చారు. బాబాయ్ వాదన వేరు: "ఎక్కువ మందిని ఎక్కిస్తే తప్పుగానీ, ఒకణ్ణి తగ్గిస్తే తప్పేంటి?" దారిలో బ్రేకు ఇన్‌స్పెక్టర్ జీపు కనిపిస్తే మాత్రం ఈ వాదన వినిపించడానికి ఆగడు, పక్క సందులోకి తిప్పుతాడు.

డాలస్ వెళ్లినప్పుడూ ఆయన ఊరుకోలేదు. కొడుక్కి టొయోటా సియెన్నా ఉంది. ఆ దేశపు పిల్లల తల్లిదండ్రులు వాడే తోసే తలుపుల వ్యాన్. సరుకుల కొట్టు పార్కింగులో కొడుకు ట్రాలీ తెచ్చేలోపు బాబాయ్ అలవాటుగా రెండో వరస కింద తల పెట్టాడు. ఇవి విప్పేస్తే మంచం పడుతుందిరా అన్నాడు. కొడుకు బెదిరిపోయాడు. 2021లో వచ్చిన సియెన్నాలో మధ్య సీట్లు విప్పే వీలు లేదు, ఎందుకంటే పక్క ఎయిర్‌బ్యాగులు సీటులోపలే ఉన్నాయి. అంతకుముందు మోడల్లో ఊడేవి. కొడుకు ఈ సంగతంతా ఓపిగ్గా చెప్తే, బాబాయ్ విని, "సీట్లో బాంబు పెట్టి అమ్ముతున్నార్రా మీకు," అని నిట్టూర్చాడు.

మాట మోటుగా ఉన్నా పాయింటు అదే. స్పాంజీ రెగ్జినూ ఉన్న చోట ఇప్పుడు వైర్లు, సెన్సర్లు, బెల్టు కొక్కేలు, ఒక్కోసారి చిన్న పేలుడు సామగ్రి కూడా ఉంటున్నాయి. షోరూమ్‌లో ఎక్కువ కట్టేది కొంత తళుకుకే అయినా, ఎక్కువ భాగం కంటికి కనపడని వాటికి. కనపడనిదానికి డబ్బివ్వడం బాబాయ్ తరానికి రాదు.

అలాగని టాప్ మోడల్ కొన్నవాళ్లంతా జ్ఞానులని కాదు. బావమరిది తీసుకున్నది 2022 మోడల్, ముందు సీట్ల లోపల ఫ్యాన్లు తిరిగి చల్లగాలి వచ్చే రకం. మే నెల బెజవాడ ఎండకి ఇంతకంటే పనికొచ్చేది లేదు. ఆయన ఆ చిల్లుల తోలు మురికవుతుందని దాని మీద మందపాటి టర్కీ టవల్ పరిచాడు. ఫ్యాన్లు టవల్‌కి గాలి విసురుతుంటాయి, ఆయన చెమటలు తుడుచుకుంటాడు. టవల్ జారుతోందని చివరికి దళసరి సీటు కవర్లే కుట్టించుకుందామనుకున్నాడు. సీటు పక్కన చిన్న చీటీలాంటి గుర్తు ఉంది, ఎయిర్‌బ్యాగ్ ఇక్కడుంది అని. ఆ వైపు కుట్టు బిగిస్తే అవసరానికి అది విచ్చుకోదు. ఆ గుర్తు చూపించి, వద్దని ఆపినవాడు ఎవరో కాదు, ఆటోనగర్ మేస్త్రి. "అయిపోద్ది" అనకపోవడం ఆయన వృత్తి జీవితంలో అదొక్కసారే.

ఫోమ్, కుట్టు, చేతివాలు, తడి ఒంటితో ఎక్కే పిల్లలకి కడిగే రెగ్జిన్, ఇవన్నీ బయట చేయించుకుంటేనే మేలు. ఇందులో బాబాయ్‌దే గెలుపు. టెంపో ట్రావెలర్ తిప్పుకునేవాళ్లది ఇంకో సంగతి. ఫోర్స్ మోటార్స్ 2005లోనే బజాజ్ టెంపో పేరు వదిలేసినా జనం నోట్లో టెంపో పోలేదు. ఆ బండిలో ఒకవైపు రెండు, ఇంకోవైపు ఒకటి పుష్‌బ్యాక్ సీట్లు వేసి అరకు, శ్రీశైలం తిప్పేవాడికి సీటే వ్యాపారం. వాడు ఆర్‌సీ, పర్మిట్ చూసుకుని మరీ చేయిస్తాడు. బోల్టు జోలికి పోయినప్పుడే బాబాయ్ ఓడిపోతాడు. ఆ గీత ఎక్కడుందో ఆయనకి చెప్పినవాళ్లు లేకపోలేదు. వినేటప్పుడు ఆయన టేపు లాగుతూ వదుల్తూ ఉంటాడు.

కిందటేడు ఎర్టిగా అమ్మకానికి పెట్టాడు. కొనడానికొచ్చిన బ్రోకరు కెప్టెన్ సీట్లు చూసి మెచ్చుకోలేదు సరికదా, కంపెనీ బెంచీ లేకపోతే రేటు తగ్గుతుందన్నాడు. బాబాయ్ మాట్లాడకుండా అటక మీంచి బెంచీ దించాడు. గోనెపట్టాలో చుట్టి, ఎలకలు కొట్టకుండా కలరా ఉండలు వేసి దాచాడు కాబట్టి కొత్తదానిలా ఉంది. అది బిగించి బండి అప్పజెప్పాడు. ఊడదీసిన కెప్టెన్ సీట్లకి కింద ఇనప కాళ్లు వేయించి వసారాలో పెట్టుకున్నాడు. పొద్దున్నే ఒకదాంట్లో పేపరు చదువుతాడు. రెండో దాని మీద పిన్ని చిక్కుళ్లు ఒలుస్తుంది.

మొన్నామధ్య బావమరిది వచ్చి ఆ సీట్లో వాలి, కాళ్ల పలక లేపుకుని, పది నిమిషాల్లో గురక పెట్టాడు. లేచాక మొహమాటంగా అడిగాడు: "బావగారూ, ఇలాంటి జత ఒకటి మా వసారాకి చేయిస్తారా?"

బాబాయ్ అప్పటికే టేపు తీసి బావమరిది నడుం కొలుస్తున్నాడు.