ఎర్ర పెన్ను

2021 మే నెలలో, కరోనా రోజుల్లో, మనవాళ్ల పలకరింపులు గుర్తున్నాయా? "భోజనమైందా" పోయి "స్కోరెంత" వచ్చింది. కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలు, ఎడమదాంట్లో రెండు. ఒక్కోదానికి 5 చొప్పున సీటీ చూసి 25కి మార్కులేసేవారు. నాకు 9, పక్కింటాయనకి 7. ఎక్కువొస్తే చేటని తెలిసీ, ఆయన్ని దాటేశానని లోలోపల చిన్న గర్వం. నవ్వకండి, మీరూ ఎవరితోనో పోల్చుకునే ఉంటారు.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు చెప్పింది చిన్న మాటే. మూడు నెలలాగి ఒక ఎక్స్‌రే. అందులో తేడా ఉన్నా, ఆయాసం తగ్గకపోయినా అప్పుడు చూద్దాం సీటీ సంగతి. మనిషి లేచి తిరుగుతున్నా లోపలి మసక పోవడానికి నెలలు పట్టొచ్చట.

ఆగితే నేనెందుకవుతాను? ఒక్క దగ్గు దగ్గానో లేదో స్కాన్ సెంటర్లో తేలాను. "డాక్టరు చీటీ ఉందా?" అన్నారు. డబ్బుందన్నాను.

ఫిల్మును కిటికీకి ఆనించి చూస్తే ఎడమపక్క అడుగున బాత్‌రూమ్ అద్దంలా మసక. రిపోర్టులో మాత్రం 'రైట్' అని ఉంది. ముప్ఫయ్యేళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి ఊరుకుంటుందా! ఎర్ర పెన్నుతో 'రైట్' కొట్టేసి 'లెఫ్ట్' అని రాసి, పక్కన పొట్టి సంతకం కూడా పెట్టాను. ఆ రాత్రి నుంచి ఎడమ ఊపిరితిత్తి మీద బరువు పడకూడదని కుడికి, అంటే గోడకేసి తిరిగి పడక. వచ్చిన చుట్టానికల్లా కిటికీ దగ్గర పాఠం. బావమరిది ఆవలించాడు, అయినా వదల్లేదు.

గడువు రోజున ఎక్స్‌రేతో పాటు ఆ రిపోర్టూ డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన ఎర్ర సిరా చూశారు, సంతకం చూశారు, నన్ను చూశారు, "ఇదెవరు దిద్దారు మాస్టారూ?" అన్నారు, నేనేనన్నాను, సీటీ బొమ్మ పడుకున్న మనిషిని కాళ్లవైపు నుంచి చూసినట్టు ఉంటుందన్నారు, ఎడమపక్క కనబడేది రోగి కుడి అన్నారు, "అంచున ఆర్ అని అక్షరం ఉందిగా?" అన్నారు. ఉంది. సెంటరు ఓనరు పేరనుకున్నాను.

ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. వేలికి ఆక్సీమీటరు తగిలించి ఆరు నిమిషాలు వరండాలో నడిపించారు. 97 కదల్లేదు. నా సీటీ ఫిల్మును కవరులోంచి తీయనన్నా తీయలేదు.

ఆటోలో మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. సందు తిరిగాక అంది: "అయితే ఇన్నాళ్లూ ఆ గోడతో కాపురం చేసింది దండగేనా?"