బలవంతమేమీ లేదు, సంతకం పెట్టమ్మా!

కృష్ణా డెల్టాలో దస్తావేజు రాసిచ్చే ప్రతి మనిషీ స్వస్థబుద్ధితోనే ఉంటాడు. ఎవరి ప్రోద్బలమూ లేకుండా, మనస్ఫూర్తిగా సంతకం చేస్తాడు. ఇల్లు పోతున్నా మనస్ఫూర్తే. అప్పిచ్చినవాడు వాకిట్లో కుర్చీ వేసుక్కూర్చున్నా మనస్ఫూర్తే. లేఖరికి అది చెయ్యి అలవాటైన వాక్యం. రాయించేవాళ్ల మొహం కేసి చూడనక్కర్లేదు.

2015 డిసెంబరులో బెజవాడ కాల్‌మనీ బాగోతం బయటపడ్డాక ఈ మనస్ఫూర్తి లోతెంతో తెలిసింది. ఫోను చేస్తే డబ్బు గుమ్మంలోకొచ్చేది. వడ్డీ నూటికి నెలకు పది రూపాయలు, ఒక్కోచోట అంతకు మించి. హామీగా ఖాళీ ప్రామిసరీ నోట్లు, ఖాళీ చెక్కులు, ఇంటి కాగితాలు. బాకీ తీర్చలేని ఆడవాళ్లను లైంగికంగా వేధించారన్న ఆరోపణలతో శాసనసభ దద్దరిల్లింది. వడ్డీ వ్యాపారుల సమాధానం మాత్రం ఎప్పుడూ ఒకటే: వాళ్లే వచ్చారు, వాళ్లే సంతకం పెట్టారు.

దీనికి 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే జవాబుంది. బలవంతం, అనుచిత ప్రభావం, మోసం ఉన్నచోట ఇచ్చింది స్వేచ్ఛా సమ్మతి కాదు. నష్టపోయినవాడు ఆ ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు. 16వ సెక్షన్ ఉదాహరణకు తీసుకున్నది సాక్షాత్తూ ఊరి వడ్డీ వ్యాపారినే! పాత బాకీదారుకు అన్యాయమైన షరతుల మీద కొత్త అప్పిస్తే, ఒత్తిడి పెట్టలేదని రుజువు చేసుకోవాల్సింది వ్యాపారే. దాని కిందే మరో ఉదాహరణ ఉంది. డబ్బుకు కటకటలాడే రోజుల్లో బ్యాంకరు ఎక్కువ వడ్డీ అడిగితే అది మామూలు వ్యాపారం. మన ఫైనాన్షియర్లకు ఈ రెండోదే కంఠతా.

1917లో మద్రాసు హైకోర్టుకు చిక్కం అమ్మిరాజు కేసు వచ్చింది. చచ్చిపోతానని భర్త బెదిరిస్తే భార్యా, కొడుకూ అతని తోడబుట్టినవాడి పేర హక్కు విడుదల పత్రం రాసిచ్చారు. అదీ బలవంతమేనని మెజారిటీ జడ్జీలు తేల్చారు. తన ప్రాణం తీసుకుంటానన్న మాటే బలవంతమైతే, నలుగురిని వెంటేసుకుని గుమ్మంలో నిలబడ్డవాడిది పరామర్శా?

అయితే ఫైనాన్షియరూ చట్టం చదువుకున్నవాడే. స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద సంతకం పెట్టిస్తే, అంకె నింపుకునే అధికారం తనకు దక్కుతుందని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. ఇష్టపడి ఇచ్చిన ఖాళీ చెక్కు మీద అంకె ఎవరు వేసినా, బాకీ లేదని రుజువు చేసుకుంటే తప్ప సంతకందారు తప్పించుకోలేడని 2019లో సుప్రీంకోర్టూ అంది. ఇష్టపడి ఇవ్వలేదని నిరూపించాలంటే అప్పులవాడు కోర్టు మెట్లెక్కాలి, వకీలుకు ఫీజు కట్టాలి. ఆ ఫీజుకీ అప్పిచ్చేవాళ్లకు బెజవాడలో కొదవలేదు.