కొట్టాయం సీసపు అక్షరాన్ని నేను

నేను మలయాళ లిపిలో 'కు'ని. కలంతో రాసిన అక్షరాన్ని కాదు, పోత పోసిన అచ్చును. ఎత్తు అంగుళానికి కాస్త తక్కువ. ఒంట్లో ఎక్కువ భాగం సీసమే, గట్టిదనం కోసం కొంచెం ఆంటిమొనీ, తగరం. ముఖం తిరగేసి ఉంటుంది, కాగితం మీద పడితేగాని సరిగ్గా కనిపించను. మీ తెలుగు 'కు'లో కొమ్ము క-కి అంటుకుని ఉంటుంది కదా, పాత మలయాళ లిపిలో నాదీ అదే పద్ధతి. విడదీయడానికి వీల్లేని ఒకే రూపం. నా బతుకు ఎలా ఉండాలో ఆ ఒక్క సంగతే తేల్చేసింది.

మా ఊరు కొట్టాయం. మీనచ్చిల్ నది, దగ్గర్లోనే వేంబనాడు సరస్సు, చుట్టూ రబ్బరు తోటలు. కేరళలో ఎవరినడిగినా దాన్ని అక్షర నగరి అంటారు. ఆ పేరు మావాళ్లు తెచ్చిపెట్టిందే. 1821లో బెంజమిన్ బెయిలీ అనే మిషనరీ ఇక్కడ సీఎంఎస్ ప్రెస్ పెట్టాడు. మద్రాసు నుంచి తెప్పించిన అచ్చులు పలకలు పలకలుగా ఉన్నాయని ఆయనకు నచ్చలేదు. తాటాకు మీద గంటం తిరిగినట్టు గుండ్రంగా ఉండాలని, ఊళ్లోని పనివాళ్లను దగ్గర పెట్టుకుని తనే కొత్త అచ్చులు చేయించాడు. 1824లో పిల్లల కథల పుస్తకం వచ్చింది, 1829లో కొత్త నిబంధన, 1846లో మలయాళం–ఇంగ్లీషు నిఘంటువు. నా గుండ్రటి ఒళ్లు ఆ వంశానిదే.

ఆ నిఘంటువు వచ్చిన ఏడాదే, పక్కనున్న మాన్నానంలో చావర అచ్చన్ అనే మతగురువు తమకూ ఒక ప్రెస్సు కావాలనుకున్నారు. విదేశం నుంచి తెప్పించే స్తోమత లేదు. అరటి బోదెతో నమూనా చేసి, దాన్ని చూపించి వడ్రంగి చేత చెక్క ప్రెస్సు చేయించారు. 1887లో దీపిక పత్రిక పుట్టింది ఆ మాన్నానంలోనే. 1890లో కొట్టాయం నుంచి మలయాళ మనోరమ మొదలైంది. 1938లో తిరువాన్కూర్ సంస్థాన దివాను ఆ పత్రికకు తాళం వేయించాడు. పత్రిక కొన్ని నెలలు కొచ్చి రాజ్యంలోని కున్నంకుళం నుంచి వెలువడి, తర్వాత ఆగిపోయింది. మళ్లీ వచ్చింది 1947లో. ఒక అచ్చుకూటానికి దివాను అంత భయపడ్డాడంటే, మాలాంటి వేలెడంత లేని వాళ్లలో ఎంత బలముందో మీరే చెప్పండి.

నేను పనిచేసింది అంత పేరున్న చోట కాదు. ఒక సందులోని చిన్న ప్రెస్సు, తొక్కుడు మిషను, రెండు కిటికీలు. కంపోజిటర్‌ను అందరూ చేట్టన్ అనేవారు, అంటే అన్న. నేనూ అలాగే అంటాను. మమ్మల్ని పెట్టే కేసు మీ ఇళ్లలో పోపులపెట్టెలాగే ఉండేది, కాకపోతే గళ్లు వందల్లో. మలయాళానికి దాదాపు వెయ్యి రూపాలు మరి. చేట్టన్ ఏ గడి వైపూ చూసేవాడు కాదు. కళ్లు రాతప్రతి మీద, ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, కుడిచేయి దానంతటది వచ్చి నన్ను తీసుకునేది. నా పక్కనున్న గాటును బొటనవేలితో తడిమి, నిలబెట్టేవాడు. కుట్టి (బిడ్డ) అన్నా, కుడ (గొడుగు) అన్నా, కుటుంబం అన్నా మొదట రావలసింది నేనే. పిల్లల వాచకం కంపోజ్ చేసే రోజున నాకు ఊపిరాడేది కాదు.

అచ్చయ్యాక కిరసనాయిలుతో మాకు స్నానం. ఆ పని చేట్టన్ వేరొకరికి ఇచ్చేవాడు కాదు. సిరా ఎండి గాట్లలో చేరితే అక్షరం చచ్చిపోతుందనేవాడు. యజమానికి అంత ఓపిక లేదు. సాయంత్రం పని ముగిస్తే మమ్మల్ని బిగించిన ఫారాన్ని సిరాతోనే వదిలి దీపం ఆర్పమనేవాడు. కింద పడ్డవాళ్లను ఏరించకుండా చీపురుతో ఊడ్పించేవాడు. నా గడిలో నాతోపాటు ఉండిన ఒక 'కు' అలా చెత్తలో కలిసిపోయింది. దాని అంచు కూడా అరగలేదు. ఇంకా వేల ముద్రలు వేయగలిగిన ప్రాణం అది.

ఆ రోజుల్లో మా ఊరికి పుస్తకం మీద ఉన్న ఆశ చెప్పాలి. 1945లో పన్నెండు మంది కలిసి, 120 రూపాయల పెట్టుబడితో సాహిత్య ప్రవర్తక సహకరణ సంఘం పెట్టుకున్నారు. రచయితలు తమ పుస్తకాలు తామే అచ్చేసుకుని అమ్ముకునే సంఘం. రచయితకు 30 శాతం రాయల్టీ. రాసేవాడికి అంత వాటా ఇచ్చిన చోటు ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, సంతోషిస్తాను. సంఘం కట్టినవాళ్లలో డి.సి. కిళక్కెముఱి ఒకరు. 1974లో ఆయనే డీసీ బుక్స్ మొదలుపెట్టారు. తకళి, బషీర్ లాంటి రచయితల పుస్తకాలు పల్లె గ్రంథాలయాల దాకా వెళ్లాయంటే, వెనుక ఈ ఊరి మనుషుల పట్టుదల ఉంది, మాలాంటి అచ్చుల అరుగుదల ఉంది.

1971 వచ్చింది. ఏప్రిల్ 15 నుంచి కొత్త లిపి అన్నారు. టైపు మిషను మీద వెయ్యి మీటలు పెట్టలేరు, ఆ ఇబ్బంది నిజమే, నేను కాదనను. వెయ్యి రూపాలను 250 దాకా తగ్గించారు. ఉకారాన్ని హల్లు నుంచి ఊడదీసి పక్కన విడిగా నిలబెట్టారు. అంటే ఇక 'కు' కావాలంటే ఒక క, దాని పక్కన ఒక కొమ్ము చాలు. నేను అక్కర్లేదు. పెద్ద పత్రికలు ఆ జనవరిలోనే ఒప్పుకున్నాయి. తర్వాత పాఠ్యపుస్తకాలూ ఆ దారే పట్టాయి. చేతిరాతలో మాత్రం పెద్దవాళ్లు నన్ను పాత పద్ధతిలోనే రాస్తూ వచ్చారు, పిల్లలు బడిలో చూసింది విడిపోయిన నన్నే.

మా గడులు ఖాళీ చేసిన రోజు చేట్టన్ మాట్లాడలేదు. నాలాంటి కలిసిన రూపాలన్నీ ఒక గోనెసంచిలోకి వెళ్లాయి. నన్ను మాత్రం చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎందుకు నన్నే అని ఇప్పటికీ అడగాలనిపిస్తుంది. ఇంటికి తీసుకెళ్లి మేకులు, బోల్టులు ఉన్న రేకు డబ్బాలో వేశాడు. సంచిలో పోయినవాళ్లు కరిగి చేపల వలలకు గుళ్లయ్యారట.

1989 జూన్ 25న ఊరంతా పండగ. భారతదేశంలో నూటికి నూరు మందీ చదవగలిగిన మొదటి పట్టణం కొట్టాయమేనని ప్రకటించారు. వీధిలో ఊరేగింపు వెళుతుంటే డబ్బాలోంచి విన్నాను. బతుకంతా వేలిముద్రలు వేసిన ముసలమ్మలు తమ పేరు తాము రాసుకున్నారట. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. అంత దుఃఖమూ కలిగింది. ఆ అవ్వల్లో ఎవరి పేరో కుంజమ్మ అయి ఉంటుంది కదా. ఆ పేరు మొదట్లో నిలబడవలసినది నేను. పద్దెనిమిదేళ్లుగా అచ్చులో నా జాడే లేదు.

నన్ను తీసేసి మిగిల్చిన క-కీ, దాని పక్కనున్న కొమ్ముకీ కూడా మంచి రోజులు ఎక్కువకాలం సాగలేదు. కంప్యూటర్లు వచ్చాయి. యజమాని కొడుకు కేసులు, అచ్చులు, తొక్కుడు మిషను అన్నీ కాటా వేయించి పాత ఇనుము కొట్టుకు అమ్మేశాడు. మూడు తరాల మాటలు మోసిన సీసానికి కిలో లెక్కన వెల కట్టారు. ఏ అక్షరం ఏదో చూసినవాడు లేడు. చేట్టన్ వాకిట్లో నిలబడి లారీ వెళ్లేదాకా చూశాడని వాళ్లింట్లో అనుకుంటుంటే విన్నాను.

మమ్మల్ని పోగొట్టిన యంత్రమే మా రూపాన్ని తిరిగి తెచ్చింది. టైపు మిషనుకు మీటలు చాలలేదు గాని కంప్యూటరుకు ఆ బాధ లేదు. 1999లో చిత్రజకుమార్, హుస్సేన్ వంటివారు 'రచన' పేరుతో పాత లిపి కోసం నిలబడ్డారు, ఆ పేరుతోనే ఫాంటు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. 2024లో కొట్టాయం నాట్టకంలో అక్షరాల మ్యూజియమూ తెరిచారు. అక్కడ అద్దాల వెనుక నాలాంటి వాళ్లు ఉంటారని విని మొదట ఆశపడ్డాను. ఇప్పుడు ఆ ఆశ లేదు, కారణం మొన్నటి సంగతి.

చేట్టన్ మనవరాలు ఫోను తెచ్చి చూపించింది. "అప్పూప్పా, ఇది నీ పాత 'కు'యే కదా?"

చేట్టన్ కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు. "ఇదే. కానీ కొమ్ము చివర మలుపు ముందే ఆగిపోయింది."

"లేదు అప్పూప్పా, సరిగ్గానే ఉంది."

చేట్టన్ డబ్బా బోర్లించి మేకుల్లోంచి నన్ను ఏరాడు. స్టాంపు ప్యాడు మీద అద్ది కాగితం మీద నొక్కాడు. ఎన్నో ఏళ్ల తర్వాత నేను వేసిన ముద్ర, ఒక పక్క కాస్త మసక. ఆ పిల్ల దాన్ని ఫోటో తీసి ఫోనులో పెద్దది చేసింది. అచ్చు అరిగిపోయి మలుపు అలా కనిపిస్తోందని ఆమె, నా చేతిలో ఎన్నడూ అక్షరం అరగలేదని ఆయన. పెన్సిలు తెమ్మన్నాడు. క్యాలెండరు వెనుక నన్ను పెద్దగా గీసి, మలుపు ఎక్కడ తిరగాలో ఆమెకు చూపిస్తున్నాడు. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.