పోత ఇనుప ఐరావతం

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలు ఉండి తీరాలన్నారు పెద్దలు. మా చిన్నాయన బుల్లెట్టు దగ్గర చంద్రోదయానికీ జలక్రీడకూ చోటు లేదు గనక, ఉన్నవాటితో కానిస్తాను.

పాపఘ్ని పెన్నమ్మను కలిసే సీమలో కమలాపురమను పురము గలదు. అందొక ఇంట కడప బండలు పరిచిన వసారాయే కొలువుకూటంగా, యూరియా సంచుల పట్టాయే పట్టుపరదాగా వెలసింది ఆ పోత ఇనుప ఐరావతం. 346 సీసీలు, నాలుగు గేర్లు. ఇంగ్లండు రెడ్డిచ్‌లో పుట్టి, 1955లో మద్రాసు చేరిన వంశం. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. లోకమంతా కాళ్లు మార్చుకున్నా తాను మారనన్న మానధనుడు.

ఇక యుద్ధం. తెల్లారుజామున లుంగీ ఎగగట్టి చిన్నాయన తాళం తిప్పుతాడు. కిక్కరు మెల్లగా తొక్కుతూ, ఆంపియర్ మీటరు ముల్లు నడిమికి వచ్చే శుభలగ్నం కోసం కాచుకుంటాడు. వచ్చిందా, డికంప్రెషన్ లివరు నొక్కి, కిక్కరు ఇంకాస్త దించి, లివరు వదిలి, గండి ఆంజనేయుణ్ణి తలుచుకొని ఒక్క తొక్కు! రాముడు కాలి బొటనవేలితో దుందుభి కళేబరాన్ని పది యోజనాలు చిమ్మాడంటారు. ఇక్కడ లగ్నం తప్పితే కళేబరమే రాముణ్ణి తంతుంది.

మధుపానానికి కొదవలేదు. 2.25 లీటర్ల ఆయిలు తాగి, అందులో చుక్కచుక్కా బండల మీద విడుస్తుంది. చిన్నమ్మ కింద పాత కంచం పెట్టింది. ఏ గుళ్లోనైనా దేవుడికి మనం నైవేద్యం పెడతాం, ఇక్కడ దేవుడే మనకు పెడతాడు.

ఆదివారం మాత్రం నిజమైన పూజ. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ మూత విప్పి, పుష్‌రాడ్లను రెండు వేళ్లతో తిప్పి చూస్తాడు. తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. గండికోట ప్రయాణమంతా ఆ సందులోంచే దూరి పోవాలి.

"ఎదురింటి పిల్లోని స్ప్లెండరు చూడు, బటన్ నొక్కుతానే కూస్తాది," అంటుంది చిన్నమ్మ.

"దానికేమైతాదో వానికి తెలీదు మే. దీనికేమైతాదో నాకు తెల్సు."

ఆ తెలివిడి ఆషామాషీ కాదు. ప్రొద్దుటూరులో జనం బంగారానికి బేరమాడే వేళ చిన్నాయన క్లచ్ కేబులుకు బేరమాడతాడు. కొన్నది డిక్కీలో పెట్టడు. పాత కేబులు పక్కనే పరిచి, టేపు చుట్టి, యువరాజుకు ముందే పట్టం కట్టేస్తాడు. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, జమ్మలమడుగు దాటాక పాతది తెగితే కొత్తది రెండు కొసలూ తగిలించుకొని పోవడమే. పక్కన ఆగిన కుర్రాళ్లు ఫోన్లు తీసేలోపు గండికోట దారి దుమ్మే మిగులుతుంది.

నాయకాభ్యుదయంతో కావ్యం ముగియాలి. అయితే పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి గదా. చిన్నాయన మొన్ననే గ్రీన్ టాక్సు కప్పం కట్టి, మరో ఐదు ఆశ్వాసాలకు అనుమతి తెచ్చుకున్నాడు.